పసిబిడ్డ ముక్కుకొఱకు ఒక చేతిసాధనము



పెద్దవారికి పడిసెము పట్టినయెడల నోరు తెఱచి ఊపిరి పీల్చుకొందురు, చీదుకొందురు, ఒక దినము విసుగుకొని మరల పనిలో పడుదురు. చంటిబిడ్డ సంగతి అట్లు కాదు. పుట్టినది మొదలు కొన్ని మాసములవఱకు బిడ్డ ముఖ్యముగా ముక్కుతోనే ఊపిరి తీయును. అందువలననే తల్లిరొమ్మును విడువకుండ పాలు త్రాగుచునే గాలి పీల్చుకొనగలుగుచున్నది. ఆ చిన్న రంధ్రములు రెండును చీమిడితో పూడిపోయినప్పుడు పాలా గాలియా అను సంకటము దానికి కలుగును. రెండు గ్రుక్కలు మ్రింగును, రొమ్ము విడుచును, ఎగపోయుచు ఏడ్చును, మరల పట్టును, మరల విడుచును. చూచినవారిలో ఒకరు తల్లికి పాలు చాలవందురు, ఒకరు దిష్టి యందురు. బిడ్డ మాత్రము ఆకలితోనే నిద్రపోవును. ఆ నిద్రయు గడియసేపు నిలువదు.

2019వ సంవత్సరము సెప్టెంబరు మాసములో సుమత్రా, కాలిమంతాన్ ప్రాంతములందు అడవులును నేలలును కాలి, ఆ పొగ ఈ మలేషియా దేశముమీద క్రమ్ముకొన్న దినములు మీలో అనేకులకు జ్ఞాపకముండును. అనేక స్థలములలో బడులు మూసిరి. దిగువ పేరాక్‌లోని మా తోటలో అప్పుడు లైను ఇండ్ల వరుసకు ఒకరిద్దఱు చొప్పున చంటిబిడ్డలుండిరి. రాత్రివేళ ఏ గోడకు చెవి యొగ్గినను గురగుర శబ్దమే. బడి లేనందున పై తరగతుల పిల్లలు కొందఱు సాయంకాలము మా వసారాలో చేరుచుండిరి. వారిలో ఒక బాలిక తన అక్కబిడ్డ అవస్థ చూచి వచ్చి, "పంతులుగారూ, గాలి ఒత్తిడి పాఠము చెప్పితిరి గదా. దానితో ఈ చీమిడిని లాగే సాధనము మనమే చేయలేమా?" అని అడిగెను. ప్రశ్న నాకు నచ్చినది. బడిలో మేము చెప్పు పాఠములలో ఇంటిగడప దాటి లోనికి పోవునవి ఎన్నియో ఉపాధ్యాయులకు తెలియును.

సాధనము మాట చెప్పుటకు ముందు, మన ఇండ్లలో తరతరములుగా జరుగుచున్నది చెప్పవలెను. అవ్వలు బిడ్డ ముక్కును తమ నోటితో పీల్చి ఉమ్మివేయుదురు. అది ప్రేమతో చేయు పని. చీమిడియు కొంత వచ్చును. కాని అవ్వ నోటిలోని క్రిములు బిడ్డకును, బిడ్డ పడిసెము అవ్వకును అంటును. దగ్గుచున్న పెద్దవారు బిడ్డ ముఖమునకు అంత దగ్గఱగా వచ్చుట, క్షయ ఉన్న ఇంట మఱింత అపాయము. ఇంకొక వాడుక, స్నానము చేయించునప్పుడు ముక్కులో నూనెచుక్కలు వేసి ఊదుట. దీనిని మాత్రము మానుడని గట్టిగా చెప్పుచున్నాను. నీరు పొరబోయినయెడల బిడ్డ దగ్గి బయటికి నెట్టును. నూనె పొరబోయినయెడల పలుమారులు దగ్గైనను రాకుండ మెల్లగా ఊపిరితిత్తులకు దిగి అచ్చటనే నిలిచిపోవును. నూనెవలన వచ్చు ఈ ఊపిరితిత్తుల వాపును వైద్యులు చిరకాలముగా ఎఱుగుదురు. సాంబ్రాణి పొగ సంగతి వేఱుగా వ్రాయనక్కఱలేదు. ఆకాశమంతయు పొగయైయున్న దినములలో ఇంటిలో ఇంకొక పొగ ఏల?

మందుల షాపులో దొరకు రబ్బరు బుడ్డిని మీరు చూచియుందురు. నొక్కి, ముక్కు దగ్గఱ పెట్టి, విడిచినయెడల అది లాగును. చౌకయైనది, సులభమైనది. మేము మొదట చేసిన పని, ఒక ఇంట ఆరు మాసములు వాడిన బుడ్డిని అడిగి తెచ్చి, కత్తితో నిలువున చీల్చి చూచుట. లోపలి గోడకు ఎండిన చీమిడి పొరయు, దానిమీద నల్లని బూజు చుక్కలును కనబడెను. ఆ ఇంటి తల్లి శుభ్రమెఱుగనిది కాదు. ప్రతిదినము వేడినీళ్ళు లోనికి పీల్పించి చిమ్మి కడుగుచునే యుండెను. కాని సన్నని మెడ గల బుడ్డిలోనికి బ్రష్షు పోదు, కంటిచూపు పోదు. ఆమె ఆ చీలిన బుడ్డిని చేతిలో పట్టుకొని చాలసేపు మాటాడలేదు. రబ్బరు గుణమును గూర్చి మన తోటలవారికి వేఱొకరు నేర్పనక్కఱలేదు: మాటిమాటికి కాచినయెడల చెడును, ఎండలో పగుళ్ళు వాఱును, నూనె తగిలిన ఉబ్బును. ఆ బుడ్డి గోడలోని పగుళ్ళలోనే బూజు వేళ్ళూనియుండెను.

ఆ దినముననే మా పని యేదో తేటపడినది. ఎంత బలముగా లాగవలెనను ప్రశ్నకంటె, తెఱచి చూడగలమా, కడుగగలమా అను ప్రశ్న పెద్దది.

ఈ ప్రశ్న మాకంటె ముందు పలువురిని ఆలోచింపజేసినది. అమెరికాలోని షికాగో నగరపు ప్రసూతి వైద్యుడు జోసెఫ్ డిలీ (1869-1942) పేరుతో పిలువబడు సాధనములో ఒక చిన్న సీసాయు దానికి రెండు గొట్టములును ఉండెను. ఒక గొట్టము బిడ్డవైపు, రెండవది పురుడు పోయువారి నోటికి. వారు పీల్చగా చీమిడి సీసాలో పడి నిలిచిపోవును, నోటివఱకు రాదు. 1980 తరువాతి సంవత్సరములలో ఎయిడ్స్ వ్యాధి వెల్లడియైన పిమ్మట, నోటితో పీల్చు పద్ధతిని ఆసుపత్రులు విడిచినవి. నేడు తల్లులు ఇంటిలో నోటితో పీల్చు గొట్టములు షాపులలో దొరకుచున్నవి. వాని నడుమ జల్లెడవంటి అడ్డు ఒకటి ఉండును, దానిని మార్చుచుండవలెను. మార్చుటకు డబ్బు, దగ్గఱలో షాపు, జ్ఞాపకము, ఈ మూడును కావలెను. తోటలో ఈ మూడును ఒక్కసారి కలియుట అరుదు. నార్వే దేశములో ఒకప్పుడు ఆటబొమ్మలు చేసిన లేర్డాల్ సంస్థవారు పెంగ్విన్ పక్షి ఆకారము గల చేతిబుడ్డిని సిలికోనుతో చేసిరి. దాని తల తెఱచుకొనును. లోపల కడిగి, కాచి, మరల వాడవచ్చును. దాని చిత్రమును చూచినప్పుడు మా పిల్లలు ముందు నవ్విరి, తరువాత ఆ తెఱచుకొను తలను చూచి మౌనము వహించిరి.

మేము సీసాను డిలీగారినుండి, బుడ్డిని షాపునుండి, తెఱచుటను పెంగ్వినునుండి తీసికొంటిమి. వెడల్పునోటి చిన్న గాజుసీసా. దాని మూతికి బడి ప్రయోగశాలలో వాడు రెండు రంధ్రముల రబ్బరు బిరడా. ఒక రంధ్రమునుండి బిడ్డవైపునకు మెత్తని సిలికోను గొట్టము, రెండవదానినుండి క్రొత్త బుడ్డికి పోవు పొట్టి గొట్టము. గొట్టముల కొనలు రెండును సీసా లోపల పైభాగముననే ఆగవలెను. సీసాను నిలువుగా పట్టుకొన్నంతకాలము వచ్చిన చీమిడి అడుగున పడును, బుడ్డిలోనికి గాలి మాత్రమే పోవును. గాజు గనుక లోపల ఏమున్నదో దాగదు.

ఇక లాగుడు బలము. పురిటిబిడ్డలకు ఆసుపత్రులలో యంత్రముతో చీమిడి తీయునప్పుడు లాగుడును 80 మొదలు 100 మిల్లీమీటర్ల పాదరసమునకు మించనియ్యరు. మన చుట్టునున్న గాలి ఒత్తిడి ఆ కొలతలో 760. పిల్లలందఱును పెద్ద బుడ్డి, గట్టి బుడ్డి కావలెననిరి. అప్పుడు రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రమును వారిచేతనే నల్లబల్లమీద వ్రాయించితిని: వేడిమి మాఱకున్నయెడల, గాలికి చోటు ఎంతవంతు పెరుగునో ఒత్తిడి ఆ నిష్పత్తిలో తగ్గును. సీసాను, గొట్టములను, బుడ్డిని నీళ్ళతో నింపి కొలువగా మొత్తము 170 మిల్లీలీటర్లు పట్టినవి. బుడ్డిని పూర్తిగా నొక్కినప్పుడు బయటికి పోవునది 20. మిగిలిన 150 మిల్లీలీటర్ల గాలి, బుడ్డిని విడిచినప్పుడు, 170 మిల్లీలీటర్ల చోటును నింపవలెను. కాబట్టి ఒత్తిడిలో తగ్గుదల, 760ని 170 భాగములు చేసి 20 భాగములు తీసికొన్నంత. అనగా రమారమి 89. కొన పూర్తిగా మూసికొనిపోయినను లాగుడు దీనిని మించదు. ముక్కు రెండవ రంధ్రమునుండి గాలి వచ్చుచుండును గనుక బిడ్డకు నిజముగా తగులునది ఇంతకంటె చాల తక్కువ.

ఇందులో పిల్లలకు ఆశ్చర్యము కలిగించినది సీసాలోని వట్టి గాలియే. అదే బుడ్డిని, మొత్తము చోటు 60 మిల్లీలీటర్లే ఉండు చిన్న సీసాకు తగిలించినయెడల లాగుడు 250 దాటును. ముద్దుగా ఉన్నదని చిన్న సీసా ఏఱుకొన్నవారు బిడ్డ ముక్కు పొరకు గాయము చేయగలరు. ఒక బాలుడు ఒకవైపే తెఱచుకొను కవాటమును నడుమ అమర్చి మాటిమాటికి నొక్కిన బాగుండునని చెప్పెను. తెలివిగల మాటయే. కాని అట్లు చేసినయెడల ప్రతి నొక్కునకు లాగుడు పెరుగుచు పోవును, చీకటిలో బిడ్డ ఏడ్చుచుండగా తల్లి నొక్కులు లెక్కపెట్టదు. కవాటము వలదంటిని. కవాటము లేనందున ఒక నియమము తప్పదు: బుడ్డిని బిడ్డకు దూరముగా నొక్కి, నొక్కియుంచియే కొనను ముక్కు కడకు తెచ్చి, అప్పుడు మెల్లగా విడువవలెను. ముక్కు దగ్గఱ పెట్టిన తరువాత నొక్కినయెడల గాలి లోనికి చిమ్మును.

లెక్కను నమ్మి ఊరకుండలేదు. రెండు మిల్లీమీటర్ల రంధ్రము గల తేటగొట్టమును గోడకు నిలువుగా కట్టి, అడుగు కొనను నీళ్ళ బకెట్టులో ముంచి, పై కొనను మా సాధనమునకు తగిలించి, గోడమీద సుద్దతో సెంటీమీటర్లు గీసితిమి. బుడ్డి విడువగా నీరు 102 సెంటీమీటర్లు ఎక్కినది. పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువు గనుక ఇది 75 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. లెక్కలోని 89కి తగ్గినది. ఎక్కిన నీరు కొంత గాలిని సాధనములోనికి నెట్టుటయే ఈ తగ్గుదలకు ముఖ్య కారణమని ఆ బాలికయే కనిపెట్టి చెప్పెను. ఆ సాయంకాలము నేను ఇంక పాఠము చెప్పలేదు.

తరువాత దానిని ప్రభుత్వపు పల్లె క్లినిక్కునకు తీసికొనిపోతిమి. అక్కడి నర్సును మనవారందఱు మిస్సీ యనియే పిలుతురు. ఆమె లాగుడు లెక్క విని సంతోషించినది కాని, ముందుగా కొనను పట్టుకొని చూచినది. "ఇది ముక్కులోపలికి పోతుందా, పంతులుగారూ?" అని అడిగినది. పోకూడదని ఆమె మాట. కొన ముక్కు ద్వారము నొద్దనే ఆనవలెను. లోనికి పోవునది ఎంత మెత్తనిదైనను గీఱును, గీఱిన చోట వాపు వచ్చును, వాచిన ముక్కు మఱింత మూసికొనును. కాబట్టి కొనకు చుట్టును వెడల్పైన మెత్తని సిలికోను అంచు అమర్చితిమి. ఆ అంచు ముక్కు వెలుపలనే నిలిచిపోవును. రెండవదిగా, "దీన్ని ఎవరు కడుగుతారు, ఎప్పుడు కడుగుతారు?" అని అడిగినది. తెల్లవారకమునుపే హాజరు పిలుపునకు పోవలసిన తల్లి నాలుగు గంటలకు లేచి, వంటచేసి, బిడ్డకు పాలిచ్చి పోవును. పగలు బిడ్డను చూచునది అవ్వ. కాబట్టి మా లైనులో చూపు మందగించిన ఒక అవ్వచేత దీనిని విప్పించి కడిగించి మరల కూర్పించితిమి. బిరడా ఊడదీయుట ఆమె వ్రేళ్ళకు అలవికాలేదు. పైకి ఎత్తుగా నిలిచి పట్టు దొరకు బిరడా వెదకి తెచ్చిన తరువాత, అవ్వ పాట పాడుకొనుచు విప్పినది. ఈ మార్పును ఏ సూత్రమును మాకు చెప్పియుండదు.

కడుగు విధము ఇది. వాడిన వెంటనే, చీమిడి ఎండకమునుపే, సీసాను, గొట్టములను, బిరడాను విప్పి సబ్బునీళ్ళతో కడిగి, పది నిమిషములు మరుగుచున్న నీళ్ళలో ఉంచి, తీసి, శుభ్రమైన గుడ్డమీద బోరగిల ఆరబెట్టవలెను. బుడ్డిని కాచనక్కఱలేదు. బుడ్డికి తడి తగిలినయెడల సీసాను ప్రక్కకు వంచిరని అర్థము. ఆ బుడ్డిని పాఱవేసి క్రొత్తది పెట్టవలెను.

చీమిడి ఎండి గట్టిపడినయెడల ఏ సాధనమును దానిని లాగజాలదు. రబ్బరు గీసినవారికి ఈ సంగతి తెలియును: చెట్టునుండి దిగునప్పుడు పాలు కారును, కప్పులో గడ్డకట్టిన పిమ్మట గొట్టముగుండ పోవునా? కాబట్టి ముందు ఉప్పునీరు. మరగకాచి చల్లార్చిన నీరు ఒక లీటరునకు 9 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి, ఏ పూట నీరు ఆ పూటనే చేసికొని, ఒక్కొక్క రంధ్రములో రెండు మూడు చుక్కలు వేసి, ఒకటి రెండు నిమిషములు ఆగవలెను. పలుమారులు ఈ చుక్కలతోనే తుమ్ము వచ్చి పని ముగియును, సాధనముతో అవసరమే ఉండదు. పాలిచ్చుటకు ముందు ఒకసారి, నిద్రకు ముందు ఒకసారి, దినమునకు మూడు నాలుగు మారులకంటె ఎక్కువ లాగరాదు. బిడ్డ హాయిగా పాలు త్రాగి నిద్రపోవుచుండగా ముక్కు కొంచెము గురుగురుమన్నంత మాత్రమున లాగనక్కఱలేదు. అప్పుడే పుట్టి తానే చక్కగా ఏడ్చి ఊపిరి తీయుచున్న బిడ్డకు, ఉమ్మనీరు తేటగా నున్నయెడల, నోటిని ముక్కును లాగవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పినది.

ఇప్పుడు వ్రాయునది తల్లులు, అవ్వలు రెండుమారులు చదువవలెను. సాధనము సిద్ధమైన కొన్ని వారములకు, ఒక రాత్రి మా లైను చివరి ఇంటినుండి పిలుపు వచ్చినది. మూడు మాసముల మగబిడ్డ. అవ్వ అప్పటికే ఉప్పునీటి చుక్కలు వేసియుండెను. "బాబూ, ఆ సీసా తెచ్చావా? ఒక్కసారి లాగెయ్యి, పాలు తాగుతాడు" అని చేతులు చాచినది. బిడ్డ ఏడ్చుట మానియుండెను. ఆ మానుటయే నాకు నచ్చలేదు. చొక్కా ఎత్తి చూడగా ఊపిరి లోనికి పోవునప్పుడెల్ల ప్రక్కటెముకల క్రింద రొమ్ము లోనికి గుంటపడుచున్నది. గడియారము ముందు పెట్టుకొని నిండు నిమిషము లెక్కించితిని: 62 ఊపిరులు. మరల లెక్కించితిని: 64. నెమ్మదిగా నున్న బిడ్డ, రెండు మాసములలోపుదైనయెడల నిమిషమునకు 60 గాని అంతకు మించిగాని, రెండు మాసములు నిండి ఏడాదిలోపుదైనయెడల 50 గాని అంతకు మించిగాని, ఏడాది మొదలు అయిదేండ్లలోపుదైనయెడల 40 గాని అంతకు మించిగాని ఊపిరులు తీయుచున్నయెడల, అది ముక్కు జబ్బు కాదు, ఊపిరితిత్తుల జబ్బని ఎంచవలెను. రొమ్ము గుంటపడుట, పెదవులు నీలమగుట, పాలు బొత్తిగా పట్టకపోవుట, లేపినను లేవకపోవుట, వీనిలో ఏది కనబడినను లెక్కతో పనిలేదు. "అవ్వా, సీసా తేలేదు. బిడ్డను గుడ్డలో చుట్టి బయలుదేరు" అంటిని. తోట లారీ నడుపు యువకుడు తన కారు తీసెను. జిల్లా ఆసుపత్రిలో ఆ రాత్రియే ప్రాణవాయువు పెట్టిరి. అయిదు దినములు అక్కడ నుండి బిడ్డ ఇంటికి వచ్చినది. దారిలో అవ్వ నాతో ఒక్కమాటయు ఆడలేదు. సీసా ఉండియు తేలేదని ఆమె కోపము. ఆసుపత్రిలో వైద్యురాలు రొమ్ము గుంటను వ్రేలితో చూపిన తరువాత ఆ కోపము తగ్గెను.

అందుచేత మా సాధనము నిచ్చు ప్రతి ఇంటను, ముందుగా తల్లిచేతను అవ్వచేతను ఊపిరులు లెక్కింపించుచున్నాము. లెక్క రానివారికి ఆ బాలిక చింతగింజలతో నేర్పినది: ఒక ఊపిరికి ఒక గింజ ప్రక్కకు జరుపుట, గడియారము చూచుటకు వేఱొకరు. గింజలు ముందే ఏబది లెక్కపెట్టి పోసియుంచినయెడల, నిమిషము ముగియక మునుపే అవి అయిపోయినచో చాలును.

మిస్సీ పెట్టిన షరతు ఇంకొకటి గలదు. ఒక బిడ్డకు ఒక సాధనము; ఇంటింటికి తిరుగరాదు. ఎంత కాచినను ఎరువు ఇచ్చు వస్తువును ఎవరు ఎప్పుడు కాచిరో తెలియదు. ఇందువలన ఆలస్యమగుచున్నది. ఇంతవఱకు ఆఱు చేసితిమి, ప్రతి సీసామీద బిడ్డ పేరును బుడ్డి మార్చిన తేదియు వ్రాసియున్నవి. చేసిన ప్రతిదానిని నీటిగొట్టముతో కొలిచి, క్లినిక్కులో చూపిన తరువాతనే ఇచ్చుచున్నాము. మొత్తము చోటు 170 మిల్లీలీటర్లకు తగ్గినదానిని ఎంత చక్కగా కుదిరినను మూలపెట్టుచున్నాము. ఇంకను నాలుగు ఇండ్లవారు అడుగుచున్నారు. సీసాలు ఉన్నవి, గొట్టము ఉన్నది, బిరడాలు లేవు. పట్టణమునకు పోవువారు ఎవరైనను 45 మిల్లీమీటర్ల మూతికి సరిపోవు, పైకి ఎత్తుగా నిలుచు రెండు రంధ్రముల రబ్బరు బిరడాలు కనబడినయెడల నాలుగు కొని, బడికి పంపుదురని కోరుచున్నాను. వెల చెల్లింతుము.